హంద్రీ మీద నీళ్ల వంతెన

గండికోట అంచున నిలబడి కిందికి చూస్తే, ఇంత లోయని కోసింది మన పెన్నేనా అనిపిస్తుంది. మనకి తెలిసిన పెన్న ఏడాదిలో చాలా నెలలు ఉత్త ఇసుక. ఆ పెన్న వైపు వేరే నది నీళ్లు తేవాలని 160 ఏళ్ల కిందటే ఒక ఇంజనీరు ప్లాన్ వేశారు. ఆయన గోదావరి వాళ్లు దేవుడిలా చూసుకునే కాటన్ దొరే.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండ్‌లో పుట్టారు. 18 ఏళ్లకే, అంటే దాదాపు మన వయసులో, ఉద్యోగానికి మద్రాసు వచ్చేశారు. తంజావూరు వైపు కొల్లడం మీద ఆనకట్టలు కట్టి పని నేర్చుకున్నారు. 1847లో ధవళేశ్వరం మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశారు. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

మన సీమ కథ వేరు. తుంగభద్రని సుంకేసుల దగ్గర ఆపి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వాలి. పొలాలు తడవాలి, పడవలు కూడా తిరగాలి. ఐడియా కాటన్‌ది. 1863 నుంచి కట్టింది మాత్రం మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. కర్నూల్లో హంద్రీ అడ్డం వస్తే దాని మీద వంతెన కట్టి కాలువనే దాటించారు. ఎండాకాలం కింద నది ఎండిపోయినా పైన నీళ్లు పారేలా!

ఇంజనీరింగ్ కుదిరింది, లెక్క కుదర్లేదు. కంపెనీ డబ్బులు చాలక అప్పు చేసింది. పైగా నల్లరేగడిలో జొన్న, పత్తి వానకే పండుతాయి. మామూలు ఏడాదిలో నీటికి డబ్బులెందుకు కట్టాలి అనుకున్నారు రైతులు. వాళ్లది తప్పని నాకనిపించదు. వాడేవాళ్లకి ఏం కావాలో కనుక్కోకుండా యాప్ కట్టేసి, తర్వాత డౌన్‌లోడ్లు లేవని బాధపడటం మనకీ తెలుసు కదా. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువని కొనేసింది.

కానీ మధ్యలో 1876–78 కరువు వచ్చింది. సీమలో జనం ఆకలితో చచ్చిపోయారు. వాన లేనప్పుడు కాలువ విలువ తెలిసింది. 1878లో, 75 ఏళ్ల వయసులో, కాటన్ పార్లమెంటు కమిటీ ముందుకెళ్లి ఈ దేశానికి రైళ్లకంటే కాలువలే ముఖ్యమని వాదించారు. పెద్దగా ఎవరూ వినలేదు. 1899లో చనిపోయారు.

ఈరోజు గండికోట జలాశయంలోకి కృష్ణా నీళ్లు కాలువల్లో వస్తున్నాయి. కేసీ కెనాల్ ఇంకా పారుతోంది. కర్నూలు వెళ్తే కొండారెడ్డి బురుజు దగ్గర సెల్ఫీ అయ్యాక, ఒకసారి హంద్రీ దగ్గరికి కూడా వెళ్లి చూడండి.