విప్పి చూసిన మనిషి – జి.డి. నాయుడు

యంత్రాల మాట వస్తే మన విద్యార్థిలోకం ఎడిసన్ పేరో ఫోర్డు పేరో ఎత్తుతుంది. తిరుపతికి ఒక రాత్రి ప్రయాణం దూరంలో, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రైతు కుటుంబంలో పుట్టి, మూడో తరగతితో బడి మానేసి, మోటార్లూ క్షవర యంత్రాలూ కార్లూ తయారుచేసిన మనిషి ఒకాయన ఉండినాడని మనలో చాలామందికి తెలియదు. ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. తమిళనాట జి.డి. నాయుడంటే తెలియనివాళ్ళు అరుదు. నేను భౌతికశాస్త్రం చదివేవాణ్ణి, సేద్యం ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈ రెండు కారణాలవల్లా ఆయన కథ మీద నాకు మక్కువ ఎక్కువ.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో నాయుడు పుట్టినాడు. పసితనంలోనే తల్లి పోయింది. బడి గిట్టలేదు, అయ్యవార్లతో పడలేదు. పొలం పనుల్లో పడ్డాడు. అట్లాంటి రోజుల్లో ఒక తెల్లదొర ఎక్కి వచ్చిన రడ్జ్ కంపెనీ మోటారు సైకిలు ఆయన కంటబడింది. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా బండి ఎట్లా కదులుతుందనే ప్రశ్న ఆ కుర్రవాణ్ణి నిద్రపోనీలేదు. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటల్లో సర్వరుగా కుదురుకున్నాడు. ఏళ్ళతరబడి కూలి డబ్బులు కూడబెట్టి, చివరికి ఆ మోటారు సైకిలు కొన్నాడు.

కొన్నవాడు ఎవడైనా ఎక్కి ఊరేగుతాడు. నాయుడు దాన్ని ముక్క ముక్కగా విప్పినాడు! ఏ ముక్క దేనికో చూసుకుని మళ్ళీ బిగించినాడు. పుస్తకం లేదు, గురువు లేడు. అప్పట్లో మోటారు బండ్ల సామాను ఓడల మీద రావలసిందే. ఒక ముక్క విరిగితే దాన్ని ఇక్కడే ఎట్లా చేసుకోవచ్చో తెలిసినవాడు లక్షాధికారితో సమానం. ఆయన తర్వాతి జీవితమంతా ఆ ఒక్క విద్య మీదే నిలబడిందని నా అభిప్రాయం.

నడుమ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తి వ్యాపారంలో దిగి డబ్బు చూసినాడు, అదే వ్యాపారంలో పోగొట్టుకున్నాడు. 1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచి – పళని మధ్య తానే తోలినాడు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థ అయింది. బస్సు నిలిచిపోతే రాబడి నిలిచిపోతుంది కాబట్టి సొంత వర్క్‌షాపులు ఉండితీరాలి. రిపేరు చేసే చేతులే కొత్తవి చేసే చేతులయినాయి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసినాడు. మన దేశంలో తయారైన మొదటి మోటారు అదేనని చెబుతారు. బాలసుందరం గారు తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టినారు.

మా తాత కాలంలో మా బావి మీద కపిల తోలేవాళ్ళు. రెండు ఎద్దులూ ఒక మనిషీ పొద్దంతా వెనక్కీ ముందుకూ నడిస్తే ఎన్ని మడులు తడిసేవో ముసలివాళ్ళను అడగండి. ఆ తర్వాత మా జిల్లా బావుల మీదికి మోటార్లు వచ్చినాయి. వాటిలో ఎన్నింటి మీద కోయంబత్తూరు పేరు ఉండేదో లెక్కపెట్టడం కష్టం.

కోయంబత్తూరు ఊరి ఘనతంతా నాయుడి ఒక్కడిదే అనడం అభిమానుల అతిశయోక్తి. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చింది, నూలు మిల్లులు లేచినాయి, ఇంకా ఎందరో పనిమంతులు ఉండినారు. కానీ విరిగిన ముక్కను పారేయకుండా దాని అన్ననో తమ్ముణ్ణో చేసి చూపే అలవాటు ఆ ఊరికి అబ్బింది. దాని విలువ నాకు పోయిన ఎండాకాలం తెలిసింది.

మా టమోటా తోట పూతమీద ఉండగా బోరు మోటారు షాఫ్టు అరిగిపోయింది. కొత్త షాఫ్టు తిప్పి, దాని చివర మర కోయాలి. మా పక్క టౌనులో ఆ పని నమ్మకంగా చేసేది ఒక భాయ్. ఆయన లేతు ఇంగ్లండుది, ఆయన తండ్రి పాత సామానులో కొన్నది. పేరు పలక కూడా అరిగిపోయింది. సరిగ్గా ఆ వారమే దాని ఛేంజి గేరు ఒకటి రెండు పళ్ళు రాల్చుకుంది. ఆ గేరు లేకుంటే లేతు తిరుగుతుంది గానీ మర కోయదు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఎవరికని జాబు రాసేది?

ఎవరో ఒక గేరు తెచ్చి ఇచ్చినారు. అవే 40 పళ్ళు, కంటికి అదే సైజు. భాయ్ చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టేసినాడు. నేను వెర్నియర్ తెచ్చి కొలిచినాను. పాత గేరు వెడల్పు 4.2 అంగుళాలు, అంటే 106.7 మిల్లీమీటర్లు. తెచ్చిన గేరు 105. పళ్ళ సంఖ్యకు రెండు కలిపి వెడల్పు అంగుళాలతో భాగిస్తే 10 వచ్చింది. అది అంగుళాల లెక్కలో కోసిన గేరు, రెండోది మిల్లీమీటర్ల లెక్కలోది. రెండూ జత కలవవు. నేను కాగితం మీద పావుగంటలో తేల్చింది ఆయన వేళ్ళకు ముందే తెలుసు.

ఆ రాత్రే భాయ్ కోయంబత్తూరు బస్సెక్కినాడు. అక్కడి పాత ఇనుప అంగళ్ళలో ఒకరోజంతా వెతికి సరైన గేరు పట్టుకొచ్చినాడు. దాని నడిమి రంధ్రం పెద్దది. అందులోకి గన్‌మెటల్ బుష్షు కావాలి. ఆ బుష్షును అదే లేతు మీద, చేత్తో ఫీడు ఇచ్చుకుంటూ తిప్పినాడు. తనకు కావలసిన ముక్కను తానే చేసుకోగల యంత్రం లేతు తప్ప ఇంకేముంది! నాలుగోనాడు మా షాఫ్టు వచ్చింది. తోటలో సగం పూత అప్పటికే రాలిపోయింది. మా నాయన ఏమీ అనలేదు, మిగిలిన సగానికి నీళ్ళు కట్టేదానికి పోయినాడు.

మళ్ళీ నాయుడి దగ్గరికి వస్తాను. రసాంత్ అనే విద్యుత్ క్షవర యంత్రం, పళ్ళరసం తీసే యంత్రం, మోసం చేయడానికి వీల్లేని ఓట్ల యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను – ఆయన చేతి వస్తువుల జాబితా పెద్దది. 1952లో ఇద్దరు కూర్చునే కారు రెండువేల రూపాయలకే అందేటట్టు తయారుచేస్తే, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. పత్తి, బొప్పాయి పంటల మీద కూడా ప్రయోగాలు చేసినాడు.

నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఆయన పెట్టిన చదువు. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఆయన చొరవతో వెలిసినాయి. ప్రిన్సిపాలు కూడా ఆయనే. మూడో తరగతి మనిషి ఇంజనీర్లకు ప్రిన్సిపాలు! నాలుగేళ్ళ కోర్సు కాలం వృథా అనీ, చేతితో పని నేర్పితే రెండేళ్ళు చాలుననీ ఆయన వాదించినాడు. తెల్ల ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు పదవి వదులుకున్నాడు. ఆ కళాశాలే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. రెండేళ్ళు చాలునన్నది నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ గేరు లెక్క నాకు వచ్చింది తరగతిలోనే. అయితే నాలుగేళ్ళు చదివీ ఒక నట్టు విప్పనివాళ్ళను కూడా నేను చూస్తూనే ఉన్నాను.

1974 జనవరి 4న ఆయన కన్నుమూసినాడు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేర ప్రదర్శనశాల ఉంది. మన సంఘం వాళ్ళు విహారయాత్ర అంటే ఊటీ పేరే చెబుతారు. ఊటీకి పోయేది కోయంబత్తూరు మీదుగానే కదా. ఈసారి అక్కడ ఒక పూట బస్సు ఆపమని కార్యదర్శి గారికి ఈ సంచిక ద్వారానే అర్జీ పెట్టుకుంటున్నాను.