తీగ వేసిన డాక్టరు – సర్ విలియమ్ ఓషానెసీ

మన సంఘంలో తంతి శాఖలో సర్వీసు చేసి రిటైరైన మిత్రులు చాలామందే ఉన్నారు. 2013 జూలైలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయేనాటికి ఆ శాఖ మన దేశంలో నూట అరవై ఏళ్లకు పైగా నడిచింది. దానికి పునాది వేసిన మనిషి పేరు మాత్రం మన వాళ్లలోనే పదిమందిలో ఒకరికి తెలిస్తే గొప్ప. డల్హౌసీ పేరు బడి పిల్లలు కూడా చెబుతారు. డల్హౌసీ సంతకం పెట్టినవాడు. తీగ లాగినవాడు వేరు. ఆయన ఇంజనీరు కాడు, సైనికుడు కాడు, వృత్తిరీత్యా డాక్టరు. ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ఆయనే గుర్తుకొచ్చాడు.

విలియమ్ బ్రూక్ ఓషానెసీ 1808లో ఐర్లండు దేశంలోని లిమరిక్ పట్టణంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి 1829లో ఎం.డి. పట్టా పుచ్చుకున్నాడు. 1831లో ఇంగ్లండులో కలరా ప్రబలింది. అప్పటికాయనకు ఇరవైమూడేళ్లు. రోగుల రక్తం తీసి పరీక్షించి, అందులో నీరూ లవణాలూ బాగా తగ్గిపోతున్నాయని, వాటిని తిరిగి శరీరంలోకి ఎక్కించాలని చెప్పాడు. మరుసటి ఏడే థామస్ లాటా అనే డాక్టరు ఆ సూచన ప్రకారం రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించి చూశాడు. ఈనాడు ఏ ఆసుపత్రికి వెళ్లినా మంచం పక్కన వేలాడే సెలైన్ సీసా వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. ఈ ఒక్క పని చేసి ఊరుకున్నా ఆయన పేరు వైద్య చరిత్రలో ఉండేది.

కానీ ఆయన ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. 1833లో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జనుగా చేరి కలకత్తా వచ్చాడు. 1835లో అక్కడ మెడికల్ కాలేజీ స్థాపించినప్పుడు రసాయన శాస్త్రం బోధించే పని ఆయనకు అప్పగించారు. మన దేశపు మందు దినుసుల మీద పరిశోధనలు చేశాడు. గంజాయి గుణదోషాల మీద 1839లో ఆయన రాసిన వ్యాసం వల్లనే ఐరోపా వైద్యులకు ఆ మొక్క సంగతి బాగా తెలిసింది. 1843లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది.

ఆ 1839లోనే కలకత్తా బొటానికల్ గార్డెన్ దగ్గర వెదురు బొంగుల మీద మైళ్ల కొద్దీ తీగ కట్టి, విద్యుత్తుతో సంకేతాలు పంపవచ్చునా అని చూశాడు. అవతలి కొసను కూర్చున్నవాడు వేళ్లకు తగిలే షాకులను బట్టి సంకేతం గుర్తుపట్టాలి. మన టెలిగ్రాఫిస్టు మిత్రులకు మోర్స్ తాళం టకటకలే కష్టమనిపించి ఉండవచ్చు. ఆ తొలి టెలిగ్రాఫిస్టుల అవస్థ ఆలోచించండి! తీగను హుగ్లీ నది అడుగున కూడా పరిచాడు. అప్పటికి రబ్బరు తొడుగుల కేబుళ్లెక్కడివి? తారులో ముంచిన నూలు చుట్టి, దాని మీద చీల్చిన పేము బద్దలు కట్టి నీళ్లలో దింపాడు. అది పనిచేసింది. సర్కారు మాత్రం పట్టించుకోలేదు. ఆ పక్క అమెరికాలో మోర్స్ తన తొలి దూరపు లైను 1844లో గాని తెరవలేదు. మన డాక్టరు గారు పదేళ్లకు పైగా కాగితాలతో కాలక్షేపం చేయవలసి వచ్చింది. ఫైలు కదలడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా!

డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా 1848లో వచ్చిన తరువాత గాలి మళ్లింది. కలకత్తా నుంచి సముద్రం వైపు డైమండ్ హార్బరు దాకా ప్రయోగంగా ఒక లైను వేయడానికి అనుమతి దొరికి, 1850 చివర పని మొదలైంది. ఓడలు నది ముఖానికి వచ్చాయా లేదా అన్న కబురు కలకత్తా వర్తకులకు ప్రాణం, అందుకే ఆ దారి ఎంచుకున్నారు. భూమిలో వేసిన భాగానికి ఇంటి పైకప్పు పెంకులు వరసగా పేర్చి, వాటిలో ఇనుప కడ్డీ ఉంచి, ఇసుకా గుగ్గిలమూ కరిగించి పోశాడు. మన బజారులో దొరికే సరుకుతో పని కానిచ్చే నేర్పు ఆయనది.

ఇక్కడ ఇంకొకరి పేరు చెప్పకపోతే అన్యాయం. టంకశాలలో పనిచేస్తున్న శివచంద్ర నంది అనే బెంగాలీ యువకుణ్ణి ఓషానెసీ ఎంచుకొని శిక్షణ ఇచ్చాడు. డైమండ్ హార్బరు లైను పనిలో నందిది పెద్ద చెయ్యి. ఆ కొస నుంచి తొలి సంకేతం పంపింది ఆయనే. తరువాత తూర్పు బెంగాలులో పద్మా నదికి అడ్డంగా కేబులు వేయవలసి వచ్చినప్పుడు, స్టీమరుకు డబ్బు తగలేయకుండా జాలరుల పడవల మీద పని పూర్తిచేశాడు. 1883లో ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. మన శాఖలో భారతీయ ఉద్యోగుల వరస ఆయనతోనే మొదలు.

ప్రయోగం ఫలించడంతో డల్హౌసీ దేశమంతటా లైన్లు వేయాలని నిశ్చయించి, ఓషానెసీని 1852లో టెలిగ్రాఫ్ సూపరింటెండెంటుగా నియమించి, మంజూరు కోసం ఇంగ్లండు పంపాడు. మంజూరూ సామగ్రీ సంపాదించుకొని ఆయన తిరిగి వచ్చి 1853 నవంబరులో పని మొదలుపెట్టాడు. 1854 మార్చికల్లా కలకత్తా నుంచి ఆగ్రా దాకా 800 మైళ్ల తీగ పలికింది. 1855 ఫిబ్రవరి 1 నుంచి ప్రజలకు సేవ ప్రారంభమైంది. 400 మైళ్ల లోపు పదహారు మాటలకు ఒక రూపాయి. ఆ రోజుల్లో రూపాయి అంటే సామాన్యుడు పంపగలిగే వార్త కాదనుకోండి. 1856 తొలినాళ్లకు మొత్తం లైను సుమారు 4000 మైళ్లు.

మన దేశంలో తీగకు శత్రువులు ఎవరెవరో ఆయన ముందే లెక్క వేసుకున్నాడు. గాలివానలు, పిడుగులు, చెదలు, తీగల మీద ఊగే కోతులు, స్తంభాలకు ఒళ్లు రుద్దుకునే ఏనుగులు. విదేశాల్లోలా సన్నని తీగ ఇక్కడ నిలవదని, బాగా మందమున్న ఇనుప కడ్డీ వాడాడు. మైలు కడ్డీ అర టన్ను తూగేది. దక్షిణాదిన వందల మైళ్లు రాతి స్తంభాలు, ఇటుక కట్టుబడి స్తంభాలు, అరకాను నుంచి తెచ్చిన గట్టి కర్ర నిలబెట్టారు. వంతెనలు లేని పెద్ద నదులే డెబ్బై దాకా దాటవలసి వచ్చింది. వాటిలో సోన్ నదినీ, మన తుంగభద్రనూ డల్హౌసీ తన నివేదికలో ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

అంతా బాగానే ఉంది. కానీ ఆ లైన్లు పోయిన దారి ఒకసారి పటం మీద చూడండి. కలకత్తా నుంచి కాశీ, అలహాబాదు, కాన్పూరు మీదుగా ఆగ్రా. ఆగ్రా నుంచి ఒక కొమ్మ ఢిల్లీ, అంబాలా, లాహోరు మీదుగా పెషావరుకు. ఇంకో కొమ్మ ఇందూరు మీదుగా బొంబాయికి. బొంబాయి నుంచి పూనా, బళ్లారి, బెంగుళూరు మీదుగా మద్రాసుకు. కలకత్తా, మద్రాసు రెండూ ఒకే సముద్రపు ఒడ్డున ఉన్నా, ఒకదాని నుంచి ఇంకొకదానికి కబురు పోవాలంటే ఆగ్రా, బొంబాయి చుట్టి రెండు వేల మైళ్లకు పైగా తిరగాలి. మెడ చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడం లాంటిది. పైగా అది ఒంటి దారి. మధ్యలో ఏ ఒక్కచోట తెగినా అవతల ఉన్నవాళ్లు అవతలే.

కడ్డీని ఏనుగుకు కూడా లొంగనంత గట్టిగా చేయవచ్చు. మనిషి పూనుకుంటే తెగని తీగ లేదు. 1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. మర్నాడు ఢిల్లీ వారి చేతికి వచ్చింది. ఢిల్లీ తంతి కార్యాలయం నుంచి బ్రెండిష్, పిల్కింగ్టన్ అనే ఇద్దరు కుర్రవాళ్లు అంబాలాకు పంపిన వార్త అక్కడి నుంచి పంజాబుకు పాకింది. మే 13న లాహోరులోని దేశీయ సిపాయిల ఆయుధాలు లాగేశారు. తీగ ఎవరి పక్షాన పనిచేసిందో తిరుగుబాటుదారులకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్లు వందల మైళ్ల లైను పెరికేశారు. అది దుండగం అని ఆనాటి దొరలు రాసుకున్నారు. శత్రువు చెవిని కోసేయడం యుద్ధంలో వివేకమే అని నా అభిప్రాయం. ఆగ్రా, కాన్పూరు ప్రాంతంలో తీగ పోయేసరికి పాలకుల రాజధాని కలకత్తాకు ఉత్తరాదితోనే కాదు, ఏ అలజడీ లేని మద్రాసుతో కూడా తంతి సంబంధం పోయింది. ఇక ఓడలే దిక్కు.

ఇదంతా జరిగినప్పుడు ఓషానెసీ దేశంలో లేడు. 1856లో సర్ బిరుదు పొంది, మోర్స్ పద్ధతిని చూసి రావడానికి పడమటి దేశాలకు వెళ్లాడు. ఆయన స్థానంలో పాట్రిక్ స్టూవర్ట్ అనే యువ సైనిక ఇంజనీరు ఆ గందరగోళాన్ని ఎదుర్కొని, సైన్యం వెంట తీగ లాక్కుంటూ లక్నో దాకా పోయాడు.

ఆ దెబ్బతో వచ్చిన ఆలోచనే కలకత్తా నుంచి తూర్పు తీరం వెంబడి మద్రాసుకు రెండో దారి. కటకం, విశాఖపట్నం, రాజమండ్రి మీదుగా, మహానది, గోదావరి, కృష్ణ దాటుకుంటూ ఆ లైను వచ్చింది. మన కోస్తా జిల్లాలకు తంతి రావడం వెనుక కథ ఇదీ. మన ప్రజల సౌకర్యం కోసమని ఎవరూ వేయలేదు. ఒక దారి తెగినా ఇంకొకటి ఉండాలని వేశారు. అయితేనేం, లైను పడ్డాక బందరు వర్తకుడికీ కాకినాడ వర్తకుడికీ కూడా కాలక్రమాన కబురు చేరింది. ఆ తీరపు లైనుతో తీగల పటం కొమ్మలున్న చెట్టు రూపం వదిలి వలయం రూపానికి వచ్చింది. ఆగ్రా వైపు తెగితే మద్రాసు వైపు నుంచి, మద్రాసు వైపు తెగితే ఆగ్రా వైపు నుంచి.

ఓషానెసీ తిరిగి వచ్చి, తన సొంత సూది యంత్రాలను పక్కన పెట్టి మోర్స్ యంత్రాలు ప్రవేశపెట్టాడు. తాను కనిపెట్టిన వస్తువును తానే మానిపించగల అధికారులు అరుదు. 1858లోనే సముద్రపు జలసంధి దాటించి, సింహళంలోని తంతి వ్యవస్థతో మన దేశపు వ్యవస్థను కలిపారు. సింహళం కంపెనీ పాలనలోది కాదు, వేరే వలస. ఆనాటికి అది చిన్న సంగతి కాదు.

నేను ఇంజనీరును కాను, జీవితమంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో సర్వీసు పుస్తకాలు రాసినవాణ్ణి. మా అల్లుడు టెలికాం రంగంలో ఉన్నాడు. క్యారియర్ ఈథర్నెట్ అంటే ఏమిటని అడిగితే తీరిగ్గా చెప్పాడు. ఇవాళ ఒక్కో కంపెనీకి ఒక్కో ఫైబరు వల. ఒక బ్యాంకు హెడ్డాఫీసు ఒక కంపెనీ వలలో ఉంటుంది. మారుమూల బ్రాంచి ఉన్న ఊళ్లో ఇంకొక కంపెనీ తీగే ఉంటుంది. రెండు వలలను సరిహద్దు దగ్గర కలుపుతారు. రెండో కంపెనీ ఆ బ్రాంచి సరుకును విప్పి చూడకుండా గొట్టంలో పోసినట్లు మొదటి కంపెనీ గడప దాకా చేరుస్తుంది. అక్కడ మొదటి కంపెనీ ఆ బ్రాంచి తన గుమ్మం ముందే ఉన్నట్లు భావించి సేవ చేస్తుంది. ఆ లేని గుమ్మాన్నే వర్చువల్ యూజర్ ఇంటర్‌ఫేస్ అంటారట. దీనికి 2010లో అంతర్జాతీయ ప్రమాణాలు కూడా వచ్చాయి. సరిహద్దులో కలిపే చోటు ఒక్కటే అయితే, ఆ పెట్టె చెడితే వందల బ్రాంచీలు ఒకేసారి మూగబోతాయి. కనుక రెండు చోట్ల, వేర్వేరు పరికరాలతో కలుపుతారు. వలలను వలయంగా వేస్తారు. ఒక పక్క తెగితే సెకనులో ఇరవయ్యో వంతు లోపల సరుకు రెండో పక్కకు మళ్లాలని లెక్క. అంతా విని నేను, అయితే ఇది మా తూర్పు తీరపు లైనే కదా అన్నాను. అతను నవ్వి, మీ లైనుకు మళ్లించడానికి మనిషి కావాలి, దీనికి అక్కర్లేదు అన్నాడు. ఆ మాట నిజమే. ఆ మనుషుల్లో చాలామంది ఈ సంచిక చదువుతున్నారు.

మళ్లీ ఓషానెసీ సంగతికి వద్దాం. ఆరోగ్యం చెడి 1860లో ఇంగ్లండు వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. మరుసటి ఏడు ఇంటిపేరు బ్రూక్ అని మార్చుకున్నాడు. అంతటి చురుకైన మనిషి ఆ తరువాత దాదాపు ముప్పై ఏళ్లు లోకం కంట పడకుండా బతికాడు.

ఆయన వదిలి వెళ్లిన పని ఆగలేదు. ఇంగ్లండుకూ మన దేశానికీ మధ్య ఎర్ర సముద్రం మీదుగా 1859-60లో వేసిన కేబులు పనికిరాకుండా పోయింది. దాని మీద పోసిన సొమ్మంతా నీళ్లపాలు, అక్షరాలా. 1864లో అదే స్టూవర్ట్ పర్షియా సింధుశాఖలో కేబులు వేయించి, మన దేశపు లైన్లను తురుష్క దేశపు లైన్లతో కలిపించాడు. 1865 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్‌లో జబ్బుపడి చనిపోయాడు, పాపం, చిన్న వయసులోనే. 1870లో టెహరాన్ మీదుగా సీమెన్స్ వారి లైను ఒకటి, ఎడెన్ మీదుగా బొంబాయికి సముద్రపు కేబులు ఒకటి వచ్చాయి. దాంతో లండనుకు మన దేశం నుంచి మూడు దారులు ఏర్పడ్డాయి.

ఆ మూడు దారులూ పనిచేస్తున్న కాలంలో ఓషానెసీ ఇంగ్లండులోనే ఉన్నాడు. 1889 జనవరి 8న సౌత్‌సీ అనే సముద్రతీరపు ఊళ్లో, ఎనభయ్యో ఏట, బ్రూక్ అనే పేరుతోనే కన్నుమూశాడు.