వట్టికోట ఆళ్వారుస్వామి

తమకు చదువు దక్కకపోయినను పరులకు పుస్తకము నందించుటకై జీవితమును ధారవోసిన వారు అరుదు. అట్టివారిలో వట్టికోట ఆళ్వారుస్వామి యొకరు.

ఆయన 1915వ సంవత్సరమున నల్లగొండ జిల్లా చెరువుమాదారము గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించుటచే కుటుంబము పేదరికమున బడెను. చదువుపై మక్కువగల ఆ బాలుడు ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు విద్య నేర్చెను. పిమ్మట విజయవాడలో నొక హోటలున పనిచేసెను. అనంతరము హైదరాబాదు చేరి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు పనిలో కుదిరెను.

ఆనాడు హైదరాబాదు సంస్థానము నిజాము ఏలుబడిలో నుండెను. ప్రభుత్వ వ్యవహారము, ఉన్నత విద్య ఉర్దూలో సాగుచుండుటచే తెలుగు పుస్తకము పల్లెలకు దుర్లభమయ్యెను. గ్రామములలో దేశముఖులు ప్రజలచేత కూలి యీయక వెట్టిచాకిరి చేయించుచుండిరి. సిద్దిపేట వలెనే నాటి మెదకు జిల్లాలోనిదైన జోగిపేటలో 1930లో తొలి సమావేశము జరుపుకొనిన ఆంధ్రమహాసభ ప్రజలను మేల్కొలుపసాగెను. ఆళ్వారుస్వామి ఆ సభలో కార్యకర్త యయ్యెను.

1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. ధనబలము లేదు, అండగా నిలుచు శ్రీమంతులు లేరు. అయినను 30కి పైగా గ్రంథములను ప్రకటించి, వానిని స్వయముగా మోసికొనిపోయి ఊరూర అమ్మెను.

ప్రజల పక్షమున నిలిచినందులకు ఆయన పెక్కేండ్లు చెరసాలలో గడపవలసివచ్చెను. నిజామాబాదు జైలులో మహాకవి దాశరథి ఆయనకు సహవాసి. దాశరథి తన అగ్నిధార కావ్యమును ఆయనకే అంకితము చేసెను. తోడి ఖైదీల కష్టసుఖములను గమనించిన ఆళ్వారుస్వామి, దొంగలని లోకము వెలివేసిన వారియందును మానవత్వమును కాంచి, జైలు లోపల అను కథల సంపుటిని రచించెను.

ఆయన రచనలలో మిన్నయైనది ప్రజల మనిషి అను నవల. దిమ్మెగూడెమను పల్లెలో దేశముఖు దౌర్జన్యము నెదిరించు కంఠీరవము అందలి నాయకుడు. తెలంగాణ పల్లెల బాధలు, అచటి పలుకుబడులు, ప్రజలలో కలిగిన మేల్కొలుపు ఆ నవలలో సజీవముగ చిత్రింపబడినవి. తాను కన్నదానినే ఆయన వ్రాసెను. కావుననే ఆ రచన ఒక కాలపు చరిత్రగా నిలిచెను. గంగు అను రెండవ నవల ముగియకమునుపే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలువదియైదేండ్ల ప్రాయముననే ఆయన పరమపదించెను.

ఆయన ఆస్తి కూడబెట్టలేదు, పదవులు కోరలేదు. ఒకనాడు వంటయింట పనిచేయుచు చదివిన బాలుడు వేలాది పాఠకుల చేతికి పుస్తకము నందించెను. తన నవలకు పెట్టిన పేరు ఆయనకే తగియున్నది.