విలియం రాక్స్‌బర్గు

తూర్పుతీరపు మామిడితోపులలో పెద్దకొమ్మల నంటిపెట్టుకొని, మట్టితో నెట్టి సంబంధమును లేక పెరుగు నొక మొక్క కలదు. దాని వేళ్లు గాలిలో వ్రేలాడుచుండును; ఎండలో తెల్లగాను, తడిసినపుడు పచ్చగాను కనుపట్టును. చెట్లపై మొలచువాని నన్నిటిని బదనిక లనుట మనవారి వాడుక. బదనిక చెట్టు రసమును పీల్చి దానిని కృశింపజేయును. ఈ మొక్క యట్టిది కాదు. కొమ్మ దానికి ఆసనము మాత్రమే. వేళ్లపై నున్న దూదివంటి పొర వాననీటిని, అందు కరగిన లవణములను గ్రహించును. ఈ మొక్కను పటముతో గూడ 1795లో శాస్త్రలోకమునకు వర్ణించి చూపినవాడు విలియం రాక్స్‌బర్గు.

ఆయన 1751లో స్కాట్లాండు దేశమున జన్మించెను. ఎడింబరోలో వైద్యమును, వృక్షశాస్త్రమును అభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున 1776లో చెన్నపట్టణమునకు సహాయవైద్యుడుగా వచ్చెను. 1781 మొదలు సామర్లకోట ఆయనకు నివాసమయ్యెను. అచట తోటవేసి మిరియము, కాఫీ, మల్బరీ మున్నగు మొక్కలను పెంచెను. వాయుభార, ఉష్ణమాపక యంత్రములను ప్రతిదినము పరీక్షించి వ్రాసికొనుచుండెను. లిన్నేయసు శిష్యుడైన కోనిగు ఆయనకు మిత్రుడు, మార్గదర్శి. కోనిగు 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను.

పిమ్మట కష్టములు వరుసగా వచ్చెను. 1787 మే నెలలో కోరింగ తీరమును ఉప్పెన ముంచి వేలకొలది జనులను పొట్టబెట్టుకొనెను. మరి రెండు మూడేండ్లకే వానలు లేక ఉత్తర సర్కారులలో ఘోరమైన కఱవు ప్రబలెను. ఒక వెల్లువలో ఆయన గ్రంథములు, వ్రాతలు సైతము నష్టమయ్యెను. అంతటి శ్రమ నీటిపాలైనపుడు మరల మొదటినుండి ప్రారంభించుట యెంత కష్టమో ఊహింపవచ్చును. ఆయన ప్రారంభించెను. అంతియకాక, కఱవునాడు పేదల ఆకలి తీర్చుటకై కొబ్బరి, పనస, అరటి మొదలగు వానిని విరివిగా పెంపవలయునని కంపెనీవారికి సూచించెను.

ఆయన మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. అయిదువందల చిత్రములు లండనునకు పోగా, అందు మూడువందలు ఏర్చి కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథముగా మూడు సంపుటములలో ముద్రించిరి. మొదటిది 1795లో వెలువడెను. ప్రతి రేకును, కేసరమును కన్నులార చూచి దిద్దిన ఆ చిత్రకారుల పేళ్లకు మాత్రము గ్రంథమున చోటు దొరకలేదు. ఇది న్యాయము కాదు.

పెక్కు మొక్కలకు తెలుగుపేళ్లను సైతము ఆయన వ్రాసి యుంచెను. మంగినపూడి తీరమునకు చేరువనున్న మచిలీపట్టణము ఆ కాలమున అద్దకపు వస్త్రములకు ప్రసిద్ధి కన్నది. వానికి ఎఱ్ఱరంగు నిచ్చినది ఇసుకనేలలలో పెరుగు చిరువేరు. దాని సాగును, దానితో రంగువేయు విధమును ఆయన వివరించెను. సోమిదమాను బెరడు జ్వరమును తగ్గించునని తెలిపి, దానిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై, ఇరువది యేండ్లు దానిని పోషించెను. అచట చిత్రముల సంఖ్య రెండువేల అయిదువందలు దాటెను. ఆరోగ్యము చెడి 1813లో భారతదేశమును విడిచి, సెయింట్ హెలీనా దీవిమీదుగ స్వదేశము చేరి, 1815లో ఎడింబరోలో మరణించెను. తాను వ్రాసిన భారతదేశపు వృక్షసంపద గ్రంథమును అచ్చులో చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. విలియం కేరీ దాని భాగములను 1820, 1824లలో శ్రీరామపురమున ముద్రించెను.

మామిడికొమ్మపై మొక్కకు ఆయన పెట్టిన పేరునకు గళ్లుగలది యని యర్థము. దాని రేకులపై గోధుమవన్నె గళ్లు తీర్చినట్లుండును. 1820లో రాబర్టు బ్రౌను దానిని వందా జాతిలో చేర్చి, రాక్స్‌బర్గు పేరు పెట్టెను. వందా యనునది సంస్కృతపదమే. కాని శాస్త్రమర్యాద ప్రకారము మొదటిపేరే నిలుచును గనుక, అది నేడు వందా టెస్సెల్లాటా. ఇండ్లలో ఇట్టి మొక్కలను మట్టిలేకయే చెక్కబుట్టలలో బొగ్గు, ఇటుకముక్కలు వేసి, ఎరువు కలిపిన పలుచని నీరు చిలుకరించి పెంచుచున్నారు. శాస్త్రగ్రంథములలో ఆ పేరు పక్కన రాక్స్‌బర్గు పేరు సంక్షిప్తముగా వ్రాయుట నేటికిని ఆచారము.