అక్షరసత్రము నెలకొల్పిన జేన్ ఆడమ్స్

అమెరికా దేశమున ఇల్లినాయ్ రాష్ట్రమందు సెడార్‌విల్ అను చిన్న పల్లె కలదు. ఆ పల్లెవారు చందాలు వేసికొని సంపాదించిన గ్రంథములన్నియు జాన్ ఆడమ్స్ అను పిండిమర యజమాని యింటనే యుండెడివి. ఆయన రాష్ట్ర సెనేటులో సభ్యుడు. అబ్రహాం లింకనునకు మిత్రుడు. ఆయన కుమార్తెయే 1860వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన జన్మించిన జేన్ ఆడమ్స్. ఆమెకు రెండేండ్ల ప్రాయమున తల్లి పోయెను. నాలుగేండ్లకు వెన్నెముకకు క్షయవ్యాధి సోకి వీపు కొంత వంగిపోయెను. అంతటి గొప్పవానికి ఇట్టి వంకర పిల్లయా యని కొత్తవారు తలంతురేమోయని, ఆదివారములందు ఆ బాలిక తండ్రి ప్రక్కన నడువక తండ్రి సోదరుని ప్రక్కన నడిచెడిది. తండ్రి మాత్రము ఆమె చదువును వెల గట్టి మఱీ ప్రోత్సహించెను. ప్లూటార్కు రచించిన మహాపురుష చరిత్రములలో ఒక్కొక్కటి చదివి చెప్పినచో 5 సెంట్లు, వాషింగ్టను జీవితచరిత్రములో ఒక్కొక్క సంపుటమునకు 25 సెంట్లు ఇచ్చెడివాడు. బిడ్డ చదువుకొన్నందులకు కూలి చెల్లించిన తండ్రులు లోకమున అరుదు.

1881లో ఆమె రాక్‌ఫర్డు విద్యాలయమున చదువు ముగించెను. ఆ వేసవియందే తండ్రి మరణించెను. సుమారు 50,000 డాలర్ల ఆస్తి ఆమె వంతునకు వచ్చెను. వైద్యవిద్యకై ఫిలడెల్ఫియాలో చేరి, ఆరోగ్యము చెడుటచే కొలది మాసములకే మానవలసి వచ్చెను. పిదప ధనవంతుల బిడ్డలవలె ఐరోపా యాత్రకు బోయెను. అక్కడ చిత్రశాలలు, దేవాలయములు చూచుట కన్న ఒక్క రాత్రి లండను నగరపు తూర్పు పేటలో చూచిన దృశ్యమే ఆమె మనస్సున నాటుకొనెను. శనివారము అర్ధరాత్రి, అమ్ముడుపోక కుళ్లుచున్న కూరగాయలను బండ్లపై నుంచి వేలము వేయుచుండిరి. చింపిగుడ్డల జనము చేతులెత్తి పాడుచుండెను. పాటలో క్యాబేజి దక్కించుకొనిన యొకడు దానిని కడుగకయే, అచ్చటనే కూర్చుండి, పచ్చిగా కొఱికి తినెను. ఆ పిమ్మట యెక్కడ చేతులెత్తిన జనసమూహము కనబడినను ఆ వేలమే ఆమెకు జ్ఞప్తికి వచ్చెడిదట.

చదువుకొనిన యువకులు పేదల నడుమ కాపురముండి వారితో విద్యను పంచుకొనుటకై అదే తూర్పు లండనులో టాయిన్‌బీ హాలను నివాసము వెలసియుండెను. 1888లో దానిని చూచిన పిమ్మట ఆమె సంకల్పము స్థిరపడెను. సహపాఠియైన ఎలెన్ గేట్స్ స్టార్‌తో గూడి చికాగో నగరమునకు వచ్చెను. 1893లో వివేకానందస్వామి ప్రసంగించి మన దేశమునకు కీర్తి తెచ్చిన చికాగో యదియే. 1890 నాటికి ఆ నగర జనసంఖ్య సుమారు 11 లక్షలు; అందు నూటికి 75 మందికి పైగా విదేశములందు పుట్టినవారో, అట్టివారి బిడ్డలో అయియుండిరి. ఇటలీ, గ్రీసు, బొహీమియా, పోలండు, రష్యా దేశములనుండి వచ్చిన జనము హాల్‌స్టెడ్ వీథి ప్రాంతమున క్రిక్కిరిసి యుండెను. కూలి యెంతయో అడుగుటకును, అద్దె కాగితములో ఏమున్నదో తెలిసికొనుటకును వారికి ఇంగ్లీషు రాదు. అనేకులకు స్వభాషలో సంతకము చేయుటయు రాదు.

ఆ వీథిలో చార్లెస్ హల్ అను నాతడు 1856లో కట్టించిన పాత మేడ యొకటి యుండెను. 1889 సెప్టెంబరు 18వ తేదీన వారిరువురు అందు ప్రవేశించిరి. హల్ ఆస్తికి వారసురాలైన హెలెన్ కల్వర్ మఱుసటి యేడు అద్దె లేకుండ ఆ యింటిని వారికి వదలెను. ఆ గృహమునకు హల్ హౌసు అను పేరు నిలిచినది. రెండేండ్లు దాటక మునుపే వారమునకు 2,000 మంది వచ్చి పోవుచుండిరి. పగలు పసిపిల్లల బడి. సాయంకాలము పనులనుండి మఱలిన పెద్దలకు ఇంగ్లీషు, చదువు, వ్రాత, కుట్టుపని. 1891లో ఎడ్వర్డు బట్లర్ అను వర్తకుడిచ్చిన 5,000 డాలర్లతో చిత్రశాల యొకటి కట్టబడగా, దాని క్రింది భాగమున నగర గ్రంథాలయపు శాఖ పఠనమందిరముగా వెలసినది.

ఈ కార్యమున కొనియాడదగినది ధనము వచ్చిన తీరు, అంతకంటె ఎక్కువగా రాని తీరు. అక్కడ నివసించి బోధించువారికి జీతములు లేవు. పైగా తమ భోజన వసతులకు తామే సొమ్ము చెల్లించుకొనవలెను. తొలియేట వ్యయమునందు పెద్దభాగమును జేన్ తన పిత్రార్జితమునుండియే భరించెను. తరువాత మేరీ రోజెట్ స్మిత్, లూయీ బోవెన్ అను నిరువురు సంపన్న స్త్రీలు తోడైరి. సంవత్సరాంతమున ఖాతాలో లోటు కనబడినపుడెల్ల మేరీ స్మిత్ చడిచప్పుడు లేక దానిని పూరించెడిది. ఇట్టి దాతల పేర్లు గోడలపై చెక్కబడవు; వారు లేనిచో ఆ గోడలే యుండవు.

వచ్చిన ధనమునెల్ల ఆమె పుచ్చుకొనలేదు. శ్రామిక యువతుల వసతిగృహమునకు 20,000 డాలర్లిత్తునని యొకడు కబురంపెను. ఆతడు తన కర్మాగారమున పడుచులకు అన్యాయపు కూలి యిచ్చునని ఊరెల్ల నెఱుగును. ఆమె వలదనెను. పిల్లలచేతను స్త్రీలచేతను ఇరుకు కొట్టులలో రేయింబవళ్లు పని చేయించుటను అరికట్టు చట్టము కొఱకు హల్ హౌసువారు పాటుపడుచుండగా, ఆ యలజడి మానుకొన్నచో 50,000 డాలర్లు సమకూర్తుమని యజమానుల పక్షమున కొందఱు వచ్చిరి. తనను లంచమునకు లొంగుదానినిగా ఒకరు తలంచుటకు తనలో ఏ లోపము కనబడినదో యని ఆమె సిగ్గుపడెనట. చట్టము 1893లో వచ్చెను. మహాభారతమున సక్తుప్రస్థుని పేలపిండిలో పొర్లి సగము మేను బంగారమైన ముంగిసకు ధర్మరాజు అశ్వమేధశాలలో మిగిలిన సగము బంగారము కాలేదు. ధనము మొత్తమును గాక అది వచ్చిన త్రోవను చూచుట మనకును కొత్త గాదు.

ఆమె యెన్నడును మఱువజాలని తప్పిదము కూడ ఆ 1893వ సంవత్సరపు శీతకాలముననే జరిగినది. కఱవుచే పనులు లేక జనము అల్లాడుచుండగా, ఒక గుమాస్తా సాయమడుగ వచ్చెను. కాలువ త్రవ్వకమున పని దొరకును గనుక, పని దొరకువారికి ధర్మద్రవ్య మీయరాదన్న నియమమును ఆమె వినిపించెను. తాను ఎల్లప్పుడు ఇంటిపట్టున పనిచేసినవాడననియు, చలిలో త్రవ్వు పనికి ఓర్వలేననియు అతడు చెప్పెను. అయినను బోయి రెండు దినములు త్రవ్వి, రొమ్ము జబ్బు పట్టి వారములో మరణించెను. అతని బిడ్డలను ఆమె తరువాత కనిపెట్టి చూచుచుండెను. పద్దు ప్రకారము నియమము సరియైనదే. మనిషిని చూడక నియమమును చూచితినని ఆమె తన గ్రంథమున దాచక వ్రాసికొనినది.

1896లో రష్యా దేశమునకు బోయి టాల్‌స్టాయి మహాశయుని దర్శించెను. ఆయన ఆమె చొక్కా చేతిని పట్టి చూచి, ఆ వస్త్రముతో ఒక చిన్నపిల్లకు గౌను కుట్టవచ్చుననెను. తిండి యెక్కడనుండి వచ్చుచున్నదని యడుగగా, చికాగోకు 100 మైళ్ల దూరమున నున్న తన పొలమునుండి యని చెప్పెను. అట్లయిన నీవును ఊర నుండని భూకామందువే కదా యని ఆయన తేల్చెను. నొచ్చుకొనిన జేన్ ఇల్లు చేరిన పిమ్మట దినమునకు రెండు గంటలు స్వయముగా రొట్టెలు కాల్తునని వ్రతము పట్టెను. తెల్లవారుసరికి వాకిట నిలిచిన ఆర్తులను, విప్పవలసిన ఉత్తరములను చూడగా ఆ వ్రతము హాస్యాస్పదముగా తోచి మానివేసెను. మానుటయే మంచిదైనది.

ఇంగ్లీషు నేర్చిన బిడ్డలు తల్లులను చూచి సిగ్గుపడుట ఆమె కనులబడిన మఱియొక చిక్కు. ఇందులకై 1900లో శ్రమప్రదర్శనశాల నొకటి తెఱచి, నానాదేశపు ముసలివారిచేత కదురులపై, రాట్నములపై నూలు వడికించి చూపించెను. ఏంజెలీనా అను ఇటలీ బాలిక వంటపని నేర్వ వచ్చుచు, నెత్తిన గుడ్డ కట్టిన తల్లితో కనబడుట కిష్టపడక వేఱు వాకిట ప్రవేశించెడిది. ఒకనాడు పెద్దలు తల్లి చేతి కదురును మెచ్చుకొనుట చూచెను. నాటినుండి తల్లీకూతులు ఒకే వాకిట వచ్చిరి. పరభాష నేర్చుట స్వభాషను, స్వజనమును విడుచుట కాదని జేన్ యెఱుగును. మన పట్టణములలో ఇంగ్లీషు చదువులకు బిడ్డలను పంపు తల్లిదండ్రు లాలకింపవలసిన కథ యిది.

హిల్డా సాట్ అను పోలండు దేశపు యూదుపిల్ల పసితనముననే బడి మాని అల్లిక కర్మాగారమున పనికి చేరినది. హల్ హౌసులో ఆమె చదువుపై మక్కువ చూచి, ఉన్నత పాఠశాల ముగింపకున్నను 1904లో చికాగో విశ్వవిద్యాలయమున ఒక విడత చదువుటకు జేన్ ఏర్పాటు చేసెను. ఆ మాసములలో ఇంటికి రావలసిన కూలిసొమ్ము లేక కుటుంబము చిక్కులపడునని గ్రహించి దానిని గూడ బదులిచ్చెను. బోధనరుసుముతోనే పేదవాని చదువు సాగునని తలంచు దాతలకు తట్టని సంగతి యిది. హిల్డా మఱలి వచ్చి ఆ రాత్రి తరగతులలోనే ఇంగ్లీషు బోధించెను. పెద్దలకు తగిన వాచకము లప్పుడు లేవు. గడ్డము నెరసిన వారికి కుక్కపిల్ల, పిల్లికూన పాఠములెందులకని, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనమునే వాచకముగా చేసికొనిరి.

1907 నాటికి హల్ హౌసు 13 భవనములుగా పెరిగెను. 1914లో ఐరోపా మహాయుద్ధము వచ్చెను. మఱుసటి యేడు హేగ్ నగరమున సమావేశమైన స్త్రీల శాంతిమహాసభకు జేన్ అధ్యక్షత వహించి, రాజధానుల కేగి యుద్ధము మానుడని మంత్రులతో చెప్పి వచ్చెను. అంతవఱకు ఆమెను దేవతగా కొలిచిన పత్రికలే తూలనాడసాగెను. పలువురు దాతలు వెనుదీసిరి. చందాలు తగ్గునని యెఱిగియు ఆమె మాట మార్చలేదు. 1931లో నోబెల్ శాంతి బహుమానమున సగము ఆమెకు లభించెను. ప్రదానోత్సవము నాడు ఆమె బాల్టిమోరు ఆసుపత్రిలో రోగియై యుండెను. ఆ సొమ్మును అంతర్జాతీయ మహిళా శాంతిసంఘమునకు ఇచ్చివేసెను. 1935 మే 21వ తేదీన చికాగోలో కన్నుమూసెను. హల్ హౌసులో వేలకొలది జనులు కడసారి దర్శించిన పిమ్మట, దేహమును సెడార్‌విల్‌కు గొనిపోయిరి.

1963లో విశ్వవిద్యాలయపు విస్తరణకై ఆ భవనములను పడగొట్టిరి. మొదటి మేడయు భోజనశాలయు మాత్రము మిగిలి, నేడు ప్రదర్శనశాలగా నున్నవి. సంస్థ నగరమున ఇతర స్థలములందు సేవ సాగించి, 2012 జనవరిలో నిధులు చాలక మూతపడెను.