దాగిన నీటి జాడ చెప్పిన అల్‌కరజీ

ఎండాకాలం వచ్చిందంటే మన రెంటచింతలలో బోరు వేయించే ఇంటివాళ్లకు ఒకటే దిగులు. నీళ్లు పడతాయా? పడినా ఎన్నాళ్లుంటాయి? పక్కింట్లో పుష్కలంగా పడ్డ నీళ్లు మనింట్లో పడకపోవచ్చు, అప్పు మాత్రం మిగిలిద్ది. భూమిలో నీళ్లు ఎక్కడ దాగుంటాయనే ఈ ప్రశ్నకు వెయ్యేళ్ల కిందటే శాస్త్రీయంగా జవాబు వెతికిన ముస్లిం పండితుడు అబూబక్ర్ ముహమ్మద్ అల్‌కరజీ.

బాగ్దాద్‌లో ఉండగా ఆయన గణితంలో గొప్ప పేరు తెచ్చుకున్నారు. బీజగణితం మీద రాసిన అల్‌ఫఖ్రీ గ్రంథాన్ని వజీరు ఫఖ్రుల్ ముల్క్‌కు అంకితమిచ్చారు. తర్వాత రాజధాని వదిలి ఇరాన్ కొండ ప్రాంతాలకు వెళ్లిపోయారు. సుమారు 1017లో అక్కడే ‘ఇన్‌బాతుల్ మియాహిల్ ఖఫియ్యా’ రాశారు. దాగిన నీటిని వెలికితీయడం అని దానర్థం. నేల పండాలన్నా జనం బతకాలన్నా నీరే ఆధారం కాబట్టి ఇంతకు మించి మేలు చేసే పని లేదని ఆయన నమ్మకం.

వాన, మంచు నీరు భూమిలోకి ఇంకే తీరు, నేలల్లో రకాలు, నీటి జాడ చెప్పే మొక్కలు, ఇవన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. కనాత్‌లు తవ్వే పద్ధతి కూడా వివరించారు. కొండ పాదంలో తల్లిబావి తవ్వి, అక్కడినుంచి కొద్దిపాటి వాలుతో సొరంగం తీస్తే నీరు దానంతటదే ఊరికి వచ్చిద్ది. వాలు ఎక్కువైతే సొరంగం కోసుకుపోద్ది, అందుకే మట్టం కొలిచే పరికరాలను ఆయనే రూపొందించారు. బీదర్‌లోని బహమనీల కాలపు కారేజ్‌లు ఇదే కోవలోవి.

ఇసుక రేణువుల మధ్య ఖాళీలుంటాయి, వాటిలో నీరు నిలుస్తుంది, సులువుగా కదులుతుంది. బంకమట్టి నీటిని పట్టుకుంటుంది గానీ తొందరగా వదలదు. మన పల్నాటి సున్నపురాయిలోనైతే నీరంతా పగుళ్లలోనే. పగులు తగిలితే ధార, తగలకపోతే దుమ్ము. పక్కపక్క బోర్లకు అంత తేడా అందుకే. వాగుల్లో ఇసుక తోడేస్తే నీటిని దాచుకునే చోటే పోతుంది.

ఒకరి బావి మరొకరి బావిని ఎండగట్టకుండా వదలాల్సిన జాగాను షరీఅత్‌లో హరీం అంటారు. అల్‌కరజీ దాన్నీ చర్చించారు. నీటి లెక్కతో పాటు పొరుగువారి హక్కు లెక్కా ఆయన మరువలేదు.

సుమారు 1029లో ఆయన కన్నుమూశారు. ఆ అరబ్బీ గ్రంథాన్ని గత శతాబ్దంలో అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే. ఈసారి బోరుకు ముందు నేల ఎలాంటిదో తెలిసినవారి చేత చూపిద్దాం, పక్కవారి బావినీ ఒకసారి తలుచుకుందాం.