బాయి దీపం చేసిన డేవీ – పాత బొమ్మల రంగులు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు తోచిన పేరు సర్ హంఫ్రీ డేవీ. బొగ్గు బాయిలో 31 ఏళ్లు పనిచేసిన నాకు సేఫ్టీ ల్యాంపు ఇచ్చిన మనిషిగానే ఆయన తెలుసు. ఆయన చేసిన మరో పని సంగతి ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే మా ఊరి గుడిలో జరిగిన ఒక పొరపాటును ఆపి ఉండేవాణ్ణి. అది చివర చెబుతాను.

డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెంజాన్స్‌లో పుట్టారు. తండ్రి కొయ్య చెక్కే పనివాడు. 1794లో ఆయన పోయాక ఇంటికి మిగిలినవి అప్పులే. పెద్దకొడుకైన డేవీ ఒక వైద్యుని వద్ద పనికి కుదిరి, అక్కడే సొంతంగా రసాయన శాస్త్రం నేర్చుకున్నారు. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరారు. 1807లో విద్యుత్తు సాయంతో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేసి పేరు పొందారు.

1813 అక్టోబరులో భార్యతోను, సహాయకుడు మైకేల్ ఫారడేతోను ఐరోపా యాత్రకు బయలుదేరారు. రోములో శిల్పి కనోవా సహకారంతో సుమారు 1,800 ఏళ్లనాటి గోడబొమ్మల రంగులను పరీక్షించే అవకాశం వచ్చింది. టైటస్ స్నానశాలల శిథిలాల్లో దొరికిన కుండలోని రంగులను స్వేచ్ఛగా పరీక్షించారు. గోడ మీద నిలిచి ఉన్న బొమ్మ దగ్గర మాత్రం, లోటు కంటికి కనబడని చోట నుంచి నలుసంత రంగే తీసుకున్నారు.

కంటికి ఒక్కటిగా కనబడే ఎరుపు ఒక్కటి కాదని ఆయన తేల్చారు. ఒకటి సీసంతో చేసిన సింధూరం, ఒకటి ఇనుము ఉన్న జేగురు, మరొకటి పాదరసం ఉన్న ఇంగిలీకం. నీలం గనిలో తవ్వినది కాదు, కొలిమిలో కాచినది. 15 పాళ్లు సోడా, 20 పాళ్లు చెకుముకిరాయి పొడి, 3 పాళ్లు రాగిరజను కలిపి రెండు గంటలు బాగా కాచి అలాంటి నీలాన్నే తయారుచేసి చూపారు. ఈ వ్యాసాన్ని 1815 ఫిబ్రవరిలో రాయల్ సొసైటీలో చదివారు.

అదే ఏడాది ఆయన ఇంగ్లండు తిరిగివచ్చారు. 1812లో ఫెల్లింగ్ గనిలో గ్యాసు పేలి 92 మంది చనిపోయిన తర్వాత, గని ప్రమాదాలు ఆపే మార్గం కోసం పెద్దలు వెతుకుతున్నారు. మంట చుట్టూ సన్నని తీగవల చుడితే, ఆ వల వేడిని లాగేసి మంటను బయటి గ్యాసుకు అంటనివ్వదని డేవీ కనిపెట్టారు. దానికి పేటెంటు తీసుకోలేదు. 1829 మే 29న జెనీవాలో, 50 ఏళ్లకే కన్నుమూశారు.

ఇక మా ఊరి సంగతి. గుడి మండపం గోడ మీద మసకబారిన పాత బొమ్మలు ఉండేవి. ఉత్సవానికి ముందు సున్నం కొట్టించాలని పెద్దలు నిర్ణయించారు. కమిటీలో నేనూ ఉన్నాను. అందరితోపాటు సంతకం పెట్టాను. ఒక్క రోజులో గోడ తెల్లబడింది. ఆ రంగులు ఏ రాతితో నూరినవో, ఏ జిగురుతో కలిపినవో అడిగినవాళ్లు లేరు. కెమిస్ట్రీ చదువుతున్న మనవరాలు డేవీ వ్యాసం గురించి చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

రంగు దేనితో చేసిందో తెలిస్తేనే దాన్ని దేనితో తుడవవచ్చో, ఏది తగిలితే పాడవుతుందో తెలుస్తుంది. నేడు నలుసు కూడా గీకనక్కరలేని పద్ధతులున్నాయి. డేవీ పరీక్షించిన ఆ రాగి నీలం మీద మామూలు వెలుగు వేసి, కంటికి కనబడని పరారుణ కిరణాలను పట్టే కెమెరాతో చూస్తే అది మెరుస్తూ కనిపిస్తుంది.

మనలో చాలామంది ఇప్పుడు ఊళ్లలో గుడి కమిటీల్లో ఉన్నాం. పాత బొమ్మ కనబడితే సున్నం బకెట్టు పక్కన పెట్టించి, ముందు పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయండి. నేను రాయలేదు. అందుకే మీకు రాస్తున్నాను.